కృపా? క్రియలా? - క్రైస్తవంలో రక్షణ సిద్ధాంత వివాద చరిత్ర

7.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
- కృప, క్రియలు అనే భావనల మధ్య వివాదం ఎలా పుట్టిందో వివరించగలుగుతారు.
- అగస్టీన్, పెలేజియస్‌ల వాదాలను పోల్చి చెప్పగలుగుతారు.
- మార్టిన్ లూథర్ సంస్కరణోద్యమానికీ ఈ ప్రశ్నకూ ఉన్న సంబంధాన్ని విశ్లేషించగలుగుతారు.
- ట్రెంట్ మహాసభ నిర్ణయాలను, 1999 నాటి ఉమ్మడి ప్రకటన ప్రాధాన్యాన్ని గుర్తించగలుగుతారు.

7.1 పరిచయం

మనిషి తన ప్రయత్నంతో పాపం నుంచి బయటపడగలడా, లేక దేవుడే వచ్చి చేయి పట్టుకుని లాగాలా? క్రైస్తవ మత చరిత్రలో ఈ ప్రశ్న చుట్టూ జరిగినంత సుదీర్ఘమైన వాదోపవాదాలు చాలా తక్కువ విషయాల మీద జరిగాయి. సభలు సమావేశమయ్యాయి, చక్రవర్తులు శాసనాలు చేశారు, చివరకు పశ్చిమ ఐరోపా క్రైస్తవ సంఘం రెండుగా చీలింది.

ముందుగా రెండు మాటల అర్థం చూద్దాం. అర్హతను లెక్కించకుండా దేవుడు ఉచితంగా చూపే దయను 'కృప' అంటారు. ఉపవాసం, ప్రార్థన, దానం, నీతి నియమాల పాటింపు వంటి మానవ ప్రయత్నాలను 'క్రియలు' అంటారు. పాపం నుంచి, దాని శిక్ష నుంచి విడుదల పొంది దేవునితో సరైన సంబంధంలోకి రావడమే 'రక్షణ'.

నేను ఈ విషయం బోధించినప్పుడల్లా తరగతిలో ఒక ప్రశ్న తప్పకుండా వచ్చేది: "అంతా దేవుడే చేస్తే ఇక మనిషి మంచిగా బతకడం దేనికండీ?" ఇది తేలిగ్గా కొట్టిపారేయవలసిన ప్రశ్న కాదు. సుమారు 1600 సంవత్సరాల కిందట ఉత్తర ఆఫ్రికాలోని ఒక మఠంలో సన్యాసులు ఇంచుమించు ఇదే అడిగారు. వారికి వచ్చిన జవాబును ఈ పాఠంలోనే చూస్తాం.

విద్యార్థులు ఒక పద్ధతిని గుర్తుంచుకోవాలి. ఇటువంటి వివాదాల్లో ప్రతి పక్షం ఏం చెప్పిందో తెలుసుకుంటే సరిపోదు. ఏ ప్రమాదాన్ని చూసి భయపడిందో కూడా తెలుసుకోవాలి. ఒకరు నైతిక నిర్లక్ష్యానికి భయపడ్డారు. మరొకరు గర్వానికి, నిరాశకు భయపడ్డారు. ఈ రెండు భయాలూ నిజమైనవే కావడం వల్ల వివాదం మళ్లీ మళ్లీ తలెత్తింది.

7.2 బైబిల్లో రెండు స్వరాలు

వివాదానికి మూలాలు కొత్త నిబంధనలోనే ఉన్నాయి. క్రీ.శ. మొదటి శతాబ్దంలో పౌలు రోమీయులకు, గలతీయులకు రాసిన పత్రికల్లో మనిషి ధర్మశాస్త్ర క్రియల వల్ల కాక విశ్వాసం వల్ల నీతిమంతుడుగా ఎంచబడతాడని వాదించాడు. ఆనాటి సందర్భాన్ని మరచిపోకూడదు. యూదులు కాని వారు క్రైస్తవ సంఘంలో చేరాలంటే సున్నతి చేయించుకోవాలా, మోషే ధర్మశాస్త్రాన్ని పాటించాలా అన్నది అప్పటి సమస్య. అవసరం లేదన్నది పౌలు సమాధానం.

యాకోబు పత్రిక మాత్రం క్రియలు లేని విశ్వాసం ప్రాణం లేనిదని హెచ్చరిస్తుంది. విశేషమేమిటంటే ఇద్దరూ ఉదాహరణగా చూపింది అబ్రాహామునే. దేవుని వాగ్దానాన్ని అతడు నమ్మడాన్ని పౌలు చూపాడు. కుమారుణ్ణి బలి ఇవ్వడానికి సిద్ధపడిన చర్యను యాకోబు చూపాడు. అంతేకాదు, ఫిలిప్పీయులకు రాసిన పత్రికలో పౌలే విశ్వాసులను తమ రక్షణ కోసం భయభక్తులతో శ్రమించమన్నాడు. ఆ వెంటనే, వారిలో పనిచేసేది దేవుడేనని కూడా చెప్పాడు. తరువాతి శతాబ్దాల్లో ఒక్కో పక్షం ఇందులో ఒక్కో భాగాన్ని గట్టిగా పట్టుకుంది.

7.3 పెలేజియస్, అగస్టీన్ల వివాదం

7.3.1 పెలేజియస్ వాదం

పెలేజియస్ బ్రిటన్ నుంచి రోమ్ నగరానికి వచ్చిన నిష్ఠాపరుడు. నాలుగో శతాబ్దం చివరినాటికి రోమన్ సామ్రాజ్యంలో క్రైస్తవం అధికార మతమైంది. పదవి కోసం, పరువు కోసం సంఘంలో చేరినవారు ఎక్కువయ్యారు. బాప్తిస్మం పొందినా వారి జీవితాల్లో మార్పు కనిపించలేదు. "నా స్వభావం బలహీనమైనది, నేనేం చేయను?" అనే సాకు పెలేజియస్‌కు నచ్చలేదు. దేవుడు ఒక ఆజ్ఞ ఇచ్చాడంటే దాన్ని పాటించే శక్తిని కూడా మనిషికి ఇచ్చి ఉండాలని ఆయన వాదించాడు. ఆదాము పాపం అతని సంతానానికి చెడ్డ ఆదర్శమైందే తప్ప వారసత్వంగా సంక్రమించలేదన్నది ఈ వాదంలో కీలకాంశం.

పెలేజియస్ కృపను పూర్తిగా తిరస్కరించాడనుకోవడం పొరపాటు. స్వేచ్ఛాసంకల్పం, ధర్మశాస్త్రం, క్రీస్తు ఆదర్శం, బాప్తిస్మంలో లభించే క్షమాపణ - ఇవన్నీ ఆయన దృష్టిలో కృపే. అయితే మంచిని ఎంచుకుని ఆచరించవలసింది మాత్రం మనిషే.

క్రీ.శ. 410లో అలారిక్ నాయకత్వంలో విసిగోత్‌లు రోమ్‌ను కొల్లగొట్టారు. పెలేజియస్ కూడా అందరిలాగే అక్కడి నుంచి తరలి ఉత్తర ఆఫ్రికా మీదుగా పాలస్తీనా చేరాడు. రోమన్ కులీన కుటుంబానికి చెంది, ఆఫ్రికాకు వలస వెళ్లి, కన్యగా జీవిస్తానని వ్రతం పూనిన డెమెట్రియాస్ అనే యువతికి ఆయన ఒక ఉత్తరం రాశాడు. మనిషి స్వభావంలో ఎంత శక్తి ఉందో ముందుగా తెలిపితేనే అతణ్ణి మంచివైపు నడిపించవచ్చన్నది ఆ ఉత్తరం సారాంశం.

7.3.2 అగస్టీన్ వాదం

హిప్పో నగర బిషప్ అగస్టీన్ (354-430) అనుభవం ఇందుకు భిన్నమైనది. ఏది మంచిదో ఆయనకు చాలాకాలంగా తెలుసు. దాన్ని కోరుకున్నాడు కూడా. కాని ఆచరించలేకపోయాడు. 386లో మిలాన్ నగరంలో ఆయన జీవితం మలుపు తిరిగింది. తరువాత రాసిన 'కన్ఫెషన్స్' గ్రంథంలో తన సంకల్పం రెండుగా చీలి తనతోనే పోరాడిన తీరును వర్ణించాడు. చిన్ననాడు స్నేహితులతో కలిసి పొరుగు తోటలో పండ్లు దొంగిలించిన సంఘటనను కూడా సుదీర్ఘంగా విశ్లేషించాడు. ఆకలి వల్ల కాదు, తప్పు చేయడంలోని ఆనందం కోసమే చేశానని ఆయన ఒప్పుకున్నాడు.

ఈ అనుభవం నుంచి అగస్టీన్ చేరుకున్న నిర్ణయం ఇది: మనిషికి కావలసింది మంచి సలహా కాదు, చికిత్స. కాలు విరిగినవాడికి దారి చూపిస్తే సరిపోదు కదా! ఆదాము పాపం వల్ల మానవ స్వభావమే గాయపడింది. కాబట్టి మంచిని కోరుకోవడం కూడా కృప వల్లనే మొదలవుతుంది. దేవుడు ఏది ఆజ్ఞాపిస్తాడో దాన్ని నెరవేర్చే శక్తినీ ఆయనే ఇవ్వాలన్న అర్థం వచ్చే ప్రార్థన ఒకటి 'కన్ఫెషన్స్'లో ఉంది. రోమ్‌లో దాన్ని విన్న పెలేజియస్ తీవ్రంగా అభ్యంతరం చెప్పాడని అగస్టీనే తరువాత రాశాడు.

7.3.3 సభల తీర్పులు

మొదట పెలేజియస్ అనుచరుడు సెలెస్టియస్‌ను కార్తేజ్‌లో ఖండించారు. 415లో పాలస్తీనాలోని డయోస్పోలిస్ సభ మాత్రం పెలేజియస్‌ను నిర్దోషిగా ప్రకటించింది. ఆఫ్రికా బిషప్‌లు ఇందుకు ఒప్పుకోలేదు. 418లో చక్రవర్తి హొనోరియస్ పెలేజియస్ పక్షాన్ని రోమ్ నుంచి బహిష్కరించాడు. అదే సంవత్సరం కార్తేజ్ మహాసభ ఆ సిద్ధాంతాన్ని ఖండించింది. 431 నాటి ఎఫెసు మహాసభ కూడా సెలెస్టియస్ పక్షాన్ని తిరస్కరించింది. సిద్ధాంత చర్చ తేలడంలో రాజ్యాధికారం పాత్ర ఎంత ఉందో గమనించండి.

7.4 సన్యాసుల ప్రశ్న, ఆరెంజ్ సభ

అగస్టీన్ గెలిచాడు కాని ఆయన వాదం కొత్త చిక్కు తెచ్చింది. నేటి ట్యునీషియాలోని హాడ్రుమెటమ్ మఠంలో సన్యాసులు ఆయన రచనలు చదివి కలవరపడ్డారు. మంచి చేసే శక్తి దేవుడే ఇవ్వాలంటే, తప్పు చేసిన సోదరుణ్ణి మందలించడం ఎందుకు? అతని కోసం ప్రార్థిస్తే చాలు కదా అని వాదించుకున్నారు. మన తరగతి ప్రశ్నకు ఇది మరో రూపం.

దీనికి అగస్టీన్ ప్రత్యేకంగా గ్రంథాలు రాశాడు. కృప మనిషి సంకల్పాన్ని రద్దు చేయదు, దాన్ని బాగుచేసి కదిలిస్తుంది. మందలింపు కూడా కృప పనిచేసే మార్గాల్లో ఒకటి. ఇదీ ఆయన సమాధానం. అయితే దేవుడు కొందరినే ఎందుకు ఎన్నుకుంటాడన్న ప్రశ్నకు అది రహస్యమని చెప్పి ఊరుకున్నాడు. దక్షిణ గాల్ ప్రాంతపు సన్యాసులకు ఇది తృప్తినివ్వలేదు. వారిలో ప్రముఖుడైన జాన్ కేసియన్, కొన్నిసార్లు మొదటి అడుగు మనిషే వేయవచ్చని సూచించాడు.

చివరకు 529లో ఆర్ల్ బిషప్ సీజేరియస్ ఆధ్వర్యంలో జరిగిన ఆరెంజ్ సభ మధ్యేమార్గం చూపింది. విశ్వాసపు తొలి అంకురం కూడా కృప వల్లనే కలుగుతుందని ప్రకటించింది. అదే సమయంలో దేవుడు ఎవరినైనా చెడుకు ముందే నిర్ణయిస్తాడనే భావనను ఖండించింది. బాప్తిస్మం పొందినవారు కృప సహాయంతో శ్రమించగలరని, శ్రమించాలని చెప్పింది. మధ్యయుగాల్లో చాలాకాలం ఈ తీర్మానాలు పండితుల దృష్టిలో లేకుండా పోయాయి.

గ్రీకు భాషా ప్రాంతాల తూర్పు సంఘంలో ఈ వివాదం ఇంత తీవ్రరూపం దాల్చలేదు. అక్కడ దేవుని కృప, మానవ సంకల్పం కలిసి పనిచేస్తాయన్న దృష్టే కొనసాగింది.

7.5 మధ్యయుగాల్లో కృప - సంఘం

మధ్యయుగ పశ్చిమ ఐరోపాలో కృప అందే ప్రధాన మార్గాలు సంస్కారాలు. వాటిని నిర్వహించేవారు గురువులు. పాపం చేసినవాడు పశ్చాత్తాపపడి, గురువు ఎదుట ఒప్పుకుని, క్షమాపణ పొంది, ప్రాయశ్చిత్తం చేయాలి. ఈ జీవితంలో పూర్తికాని ప్రాయశ్చిత్తం మరణానంతరం ఉత్తరించు స్థలంలో పూర్తవుతుంది. ఆ శిక్షను తగ్గించడానికి సంఘం ఇచ్చేవే పాపపరిహార పత్రాలు. సిద్ధాంతం ప్రకారం అవి పాపాన్ని క్షమించవు. క్షమించబడిన పాపానికి మిగిలిన తాత్కాలిక శిక్షను మాత్రమే తగ్గిస్తాయి. సామాన్య ప్రజలకు ఈ తేడా అంతగా తెలిసేది కాదు.

థామస్ అక్వినాస్ (1225-1274) కృపకే ప్రథమ స్థానం ఇచ్చాడు. అయితే 15వ శతాబ్దంలో గాబ్రియేల్ బీల్ వంటి వేదాంతులు మరో సూత్రానికి ప్రాధాన్యం ఇచ్చారు. తనకు చేతనైనంత చేసిన మనిషికి దేవుడు కృపను నిరాకరించడన్నది ఆ సూత్రం. వినడానికి ఇది ఎంతో ఊరటనిచ్చే మాట. కాని "నాకు చేతనైనంత చేశానా?" అని ఒకడు నిజంగా ప్రశ్నించుకుంటే దానికి అంతు ఉండదు.

7.6 లూథర్: నిరాశ నుంచి విశ్వాసానికి

ఆ ప్రశ్న వేసుకున్నవాడే మార్టిన్ లూథర్ (1483-1546). 1505లో పిడుగుపాటు నుంచి తప్పించుకున్నప్పుడు చేసిన మొక్కుబడి ప్రకారం ఎర్‌ఫర్ట్‌లోని అగస్టీనియన్ మఠంలో చేరాడు. ఉపవాసాలు, జాగరణలు చేశాడు. తన గురువు స్టౌపిట్జ్ దగ్గర గంటల తరబడి పాపాలు ఒప్పుకునేవాడు. అయినా ఏదో ఒక పాపం మరచిపోయానేమోనన్న భయం వదలలేదు.

1512లో డాక్టరేట్ పొంది విటెన్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో బైబిల్ బోధించసాగాడు. రోమీయులకు రాసిన పత్రికపై 1515-16లో ఉపన్యాసాలిచ్చాడు. 'దేవుని నీతి' అంటే పాపిని శిక్షించే నీతి అని ఆయన అంతవరకు అనుకున్నాడు. విశ్వసించినవాడికి దేవుడు ఉచితంగా ఇచ్చే నీతి అని తరువాత గ్రహించాడు. ఈ మార్పు ఏ సంవత్సరంలో వచ్చిందన్న దానిపై చరిత్రకారుల్లో ఏకాభిప్రాయం లేదు. లూథరే దీన్ని చాలా ఏళ్ల తరువాత, 1545లో వివరంగా రాశాడు.

ఇదే కాలంలో రోమ్‌లోని సెయింట్ పీటర్స్ చర్చి నిర్మాణం పేరిట పాపపరిహార పత్రాల అమ్మకం జోరుగా సాగింది. మెయిన్జ్ ఆర్చిబిషప్ ఆల్బ్రెక్ట్ తన పదవి కోసం రోమ్‌కు చెల్లించవలసిన సొమ్మును ఔగ్స్‌బర్గ్‌లోని ఫుగ్గర్ వ్యాపార సంస్థ నుంచి అప్పు తెచ్చాడు. అమ్మకాల రాబడిలో సగం ఆ అప్పు తీర్చడానికి, సగం రోమ్‌కు వెళ్లేది. టెట్జెల్ అనే ప్రచారకుడు ఊరూరా తిరిగి వాటిని అమ్మాడు. విటెన్‌బర్గ్ ఉన్న సాక్సనీలో ఆ అమ్మకానికి అనుమతి లేకపోయినా ప్రజలు సరిహద్దు దాటి వెళ్లి కొనుక్కున్నారు.

1517 అక్టోబరు 31న లూథర్ 95 సూత్రాలను వెలువరించాడు. విద్యార్థులు ఇక్కడ ఒక విషయం గమనించాలి. విశ్వాసం ద్వారా మాత్రమే రక్షణ అన్న సిద్ధాంతం ఆ సూత్రాల్లో స్పష్టంగా లేదు. విశ్వాసి జీవితమంతా పశ్చాత్తాపమే కావాలన్నది మొదటి సూత్రం భావం. అంటే, డబ్బు చెల్లించి పశ్చాత్తాపం తప్పించుకోవడం కుదరదని ఆయన అభ్యంతరం. పూర్తి సిద్ధాంతం 1520 నాటి రచనల్లో కనిపిస్తుంది. మంచి పండ్లు చెట్టును మంచిదిగా చేయవు, మంచి చెట్టే మంచి పండ్లనిస్తుందన్న పోలికతో సత్క్రియలు రక్షణకు కారణం కావు, ఫలితం మాత్రమేనని ఆయన వాదించాడు.

దీనివల్ల మనిషికీ దేవునికీ మధ్య కృపను పంపిణీ చేసే వ్యవస్థగా సంఘానికి ఉన్న అధికారమే ప్రశ్నార్థకమైంది. 1521లో పోప్ లూథర్‌ను వెలివేశాడు.

7.7 ఎరాస్మస్ ప్రశ్న, గ్రామాల అనుభవం

1524లో ప్రసిద్ధ మానవతావాది ఎరాస్మస్ స్వేచ్ఛాసంకల్పాన్ని సమర్థిస్తూ గ్రంథం రాశాడు. మనిషికి ఎంచుకునే శక్తే లేకపోతే దేవుని ఆజ్ఞలకు, బహుమానాలకు, శిక్షలకు అర్థమేమిటన్నది ఆయన ప్రశ్న. మరుసటి ఏడాది లూథర్ ఘాటుగా జవాబిచ్చాడు. అయినా పోప్ అధికారం వంటి పైపై విషయాలను వదిలి అసలు సమస్యను పట్టుకున్నది మీరొక్కరేనని ఎరాస్మస్‌ను మెచ్చుకున్నాడు.

తరువాత జరిగిన సంఘటన మరింత ఆలోచింపజేస్తుంది. 1520 దశకం చివరలో సాక్సనీ గ్రామ సంఘాలను లూథర్, ఆయన సహచరులు తనిఖీ చేశారు. చాలామందికి మూల విశ్వాసాలు కూడా తెలియవు. కొత్త స్వేచ్ఛను బాధ్యత నుంచి విడుదలగా కొందరు అర్థం చేసుకున్నారు. పెలేజియస్ భయపడింది సరిగ్గా దీనికే! ఆ స్థితి చూసి లూథర్ 1529లో చిన్న ప్రశ్నోత్తరిని రాశాడు. కృపను అంత గట్టిగా ప్రబోధించిన మనిషి తన పాఠాన్ని మొదలుపెట్టింది పది ఆజ్ఞలతో.

7.8 ట్రెంట్ మహాసభ, తరువాతి పరిణామాలు

కాథలిక్ సంఘం ట్రెంట్ మహాసభలో (1545-1563) సమాధానం రూపొందించింది. 1547 జనవరి 13న ఆమోదించిన తీర్మానంలో మొట్టమొదటి ఖండన, కృప లేకుండా స్వంత క్రియలతో మనిషి నీతిమంతుడు కాగలడన్న వాదానికి సంబంధించినదే. అంటే పెలేజియస్ మార్గాన్ని ట్రెంట్ కూడా తిరస్కరించింది. అయితే కృప చేత మేల్కొన్న మనిషి దానికి సమ్మతించి సహకరిస్తాడని, సహకరించకుండా ఉండే స్వేచ్ఛ కూడా అతనికి ఉందని ప్రకటించింది. విశ్వాసం ఒక్కటే చాలునన్న వాదాన్ని ఖండించింది. కాబట్టి 'కాథలిక్కులు క్రియలను, ప్రొటెస్టంట్లు కృపను నమ్ముతారు' అని పరీక్షలో రాయడం తప్పు. కృప ఇద్దరికీ ఆధారమే. ఆ కృపకు మనిషి స్పందన ఎటువంటిదన్న దగ్గరే తేడా ఉంది.

చీలిక తరువాత ఇదే ప్రశ్న ప్రతి పక్షం లోపలా తిరిగి తలెత్తింది. ప్రొటెస్టంట్లలో ఆర్మీనియస్ అనుచరులను డార్ట్ సభ (1618-19) ఖండించింది. కాథలిక్కులలో అగస్టీన్‌ను ఆధారం చేసుకున్న జాన్సెనిస్టులకు, జెసూట్లకు మధ్య ఘర్షణ జరిగింది. ఇంగ్లండులో జాన్ వెస్లీ 1738లో, రోమీయుల పత్రికకు లూథర్ రాసిన పీఠిక వింటుండగా విశ్వాస నిశ్చయత పొందాడు. కాని ఆయన స్థాపించిన మెథడిస్టు ఉద్యమం క్రమశిక్షణకే పేరుపొందింది.

1999 అక్టోబరు 31న ఔగ్స్‌బర్గ్‌లో లూథరన్ ప్రపంచ సమాఖ్య, కాథలిక్ సంఘం ఉమ్మడి ప్రకటనపై సంతకాలు చేశాయి. మన అర్హత వల్ల కాక కృప వల్లనే దేవుడు మనల్ని అంగీకరిస్తాడని, ఆ కృపే మనల్ని సత్క్రియలకు సిద్ధపరుస్తుందని రెండు పక్షాలూ ఒప్పుకున్నాయి. 2006లో మెథడిస్టులు, 2017లో రిఫార్మ్‌డ్ సంఘాలు ఇందులో చేరాయి. భేదాలన్నీ తొలగలేదు. జర్మనీలో కొందరు వేదాంత ఆచార్యులు అభ్యంతరం కూడా తెలిపారు. అయినా పరస్పర ఖండనలతో సాగిన చరిత్రలో ఇది పెద్ద మలుపు.

7.9 తెలుగు నేలపై ఈ చరిత్ర జాడలు

ఈ వివాదం తెలుగు క్రైస్తవుల మాటల్లో కూడా కనిపిస్తుంది. ప్రొటెస్టంట్ సంఘాల్లో 'కృప' అనే మాట ఎక్కువగా వినిపిస్తే, కాథలిక్కుల ప్రార్థనల్లో 'వరప్రసాదం' అన్న మాట వినిపిస్తుంది. 1842లో గుంటూరుకు వచ్చిన హేయర్ ప్రారంభించిన లూథరన్ మిషన్ ద్వారా లూథర్ సంప్రదాయం కోస్తా జిల్లాల్లో వేళ్లూనుకుంది.

మన దేశంలోని శ్రీవైష్ణవ సంప్రదాయంలోనూ ఇటువంటి చర్చ జరిగింది. కోతిపిల్ల తల్లిని తానే గట్టిగా పట్టుకోవాలి. ఇది మర్కట కిశోర న్యాయం. పిల్లిపిల్లను తల్లే నోట కరచుకుని తీసుకుపోతుంది. ఇది మార్జాల కిశోర న్యాయం. మొదటిది వడగలై, రెండవది తెంగలై శాఖల దృక్పథాలకు సంకేతాలుగా ప్రసిద్ధి చెందాయి. రెండు మతాల భావనలు ఒకటేనని దీని అర్థం కాదు. భక్తి బలంగా ఉన్న చోటల్లా ఈ ప్రశ్న పుడుతుందని మాత్రం తెలుస్తుంది.

7.10 సారాంశం

పెలేజియస్, ఎరాస్మస్ మనిషి బాధ్యత పోతుందేమోనని భయపడ్డారు. అగస్టీన్ గర్వానికి, లూథర్ నిరాశకు విరుగుడు వెతికారు. ఆరెంజ్, ట్రెంట్, 1999 ప్రకటన - మూడూ కృపను ముందుంచి, ప్రయత్నాన్ని వదిలిపెట్టకుండా చూశాయి. "ఇక మంచిగా బతకడం దేనికి?" అన్న ప్రశ్నకు కృప పక్షం ఇచ్చిన జవాబు ఒకటే: దేవుని ప్రేమను సంపాదించడానికి కాదు, పొందిన ప్రేమ మనిషిని ఊరికే కూర్చోనివ్వదు కాబట్టి. ఈ జవాబు చాలునా అన్నది మీరే ఆలోచించి, కారణాలతో రాయండి.

7.11 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. ఈ క్రింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. పెలేజియస్, అగస్టీన్‌ల వాదాలను వారి చారిత్రక నేపథ్యంతో పోల్చండి.
2. లూథర్ కృపా సిద్ధాంతం మధ్యయుగ సంఘ అధికారాన్ని ఎలా ప్రశ్నించింది?

II. ఈ క్రింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ఆరెంజ్ సభ నిర్ణయాలు
2. పాపపరిహార పత్రాలు
3. ట్రెంట్ మహాసభ 1547 తీర్మానం